‘చూద్దాంలే’ అనే మనిషి ముందు కూర్చోబోయే సౌమ్యకు

కరీంనగర్
ఆదివారం

సౌమ్యా,

నీ పీహెచ్‌డీ ప్రపోజల్ రెండుసార్లు చదివాను. కల్లు, మద్యం మానడానికి చికిత్సకు వచ్చేవాళ్లు టీకాల దగ్గర ఎందుకు వెనకాడతారో తెలుసుకోవాలని నువ్వు అనుకోవడం నాకు చాలా నచ్చింది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ రెండింటినీ వేర్వేరు విషయాలుగానే చూసేవాళ్లం. అలవాటు మాన్పించడం మా వార్డు పని, టీకా వేయడం ఏఎన్ఎం పని. రెండు చోట్లకూ వచ్చే మనిషి ఒక్కడేనని మాకు తట్టడానికి చాలా కాలం పట్టింది.

ఒక్కదానివే ఆ వార్డుల్లో, కల్లు దుకాణాల దగ్గర ఎలా తిరుగుతావోనని మీ అమ్మ టెన్షన్ పడుతోంది. చెల్లికి నేను నచ్చజెప్తాలే. నీకు మాత్రం అక్కడ కూర్చున్నాక ఎలా మాట్లాడాలో, ఎక్కడ మాట్లాడకుండా ఉండాలో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇరవై తొమ్మిదేళ్లు డి-అడిక్షన్ వార్డులో కౌన్సెలింగ్ చేశాను. మొదటి రోజుల్లో వచ్చిన ఒక మేస్త్రీ నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. చేతులు వణుకుతుంటే పని దొరకడం లేదని తనంతట తానే వచ్చాడు. నేను లివర్ బొమ్మ గీసి చూపించాను. నెలకు ఎంత డబ్బు పోతోందో లెక్క వేశాను. పిల్లల చదువు సంగతి ఎత్తాను. ప్రతిదానికీ ‘అవును మేడం, నిజమే మేడం’ అన్నాడు. మళ్లీ రాలేదు. కొన్నేళ్ల తర్వాత వేరే పని మీద ఆయన కేసు షీటు బయటికి తీశాను. అందులో నేను చెప్పినవి పేజీన్నర ఉన్నాయి. ఆయన చెప్పింది ఒక్క వాక్యం: ‘రాత్రి నిద్ర పట్టదు.’ ఆ నిద్ర గురించి నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు గురించి నువ్వు క్లాసులో చదివే ఉంటావు. నార్వేలో ఉన్నప్పుడు అక్కడి యువ సైకాలజిస్టులు ఆయన తాగుడు సమస్య ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడతారో చేసి చూపించమని అడిగారు. ఇక్కడ ఈ మాట ఎందుకన్నారు, అక్కడ ఎందుకు ఆగారు అని గుచ్చి గుచ్చి అడిగారు. వాళ్లకు జవాబు చెప్పే ప్రయత్నంలోనే ఆయన పద్ధతి ఒక రూపానికి వచ్చింది. 1983లో దాన్ని వ్యాసంగా అచ్చు వేశారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని పేరు. దాని ప్రాణం మన ఊళ్లలో రోజూ వినే మాటలోనే ఉంది: ‘ఒక మనసు మానమంటది, ఒక మనసు తాగమంటది.’ నువ్వు వెళ్లి మొదటి మనసు తరఫున వాదించావనుకో, ఆ మనిషికి మిగిలేది రెండో మనసు తరఫున మాట్లాడటమే. మాట్లాడిన కొద్దీ ఆ మనసే గట్టిపడుతుంది. ఎదుటివాళ్లను సరిదిద్దాలనే ఈ తొందర మంచితనంలోంచే వస్తుంది, అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. చదువుకున్న పిల్లలకు ఇంకా కష్టం. నీ దగ్గర సరైన జవాబు ఉంటుంది కదా, అది నాలుక చివరే కూర్చుని ఉంటుంది.

టీకా దగ్గరా ఇదే కథ. బ్రెండన్ నైహన్ బృందం 2014లో అచ్చు వేసిన అధ్యయనం తప్పకుండా చదువు. అమెరికాలో 1,759 మంది తల్లిదండ్రులకు తట్టు, గవదలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా గురించి నాలుగు రకాల సమాచారం చూపించారు. ఆటిజంకూ ఈ టీకాకూ సంబంధం లేదన్న ఆధారాలు ఒకటి, జబ్బుల వివరాలు ఒకటి, జబ్బు పడ్డ పిల్లల ఫోటోలు ఒకటి, చావు అంచు దాకా వెళ్లిన ఒక పసివాడి కథ ఒకటి. ఏదీ టీకా వేయించాలనే ఉద్దేశాన్ని పెంచలేదు. మొదటి రకం చదివినవాళ్లలో ఆటిజం అపోహ తగ్గింది. అయినా టీకా మీద మొదటినుంచీ బాగా అనుమానం ఉన్నవాళ్లలో వేయించాలనే ఉద్దేశం ఇంకా పడిపోయింది. ఇలా ఎదురు తిరగడం ప్రతిచోటా జరగదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి, కాబట్టి దీన్ని సూత్రంలా పట్టుకోకు. కానీ అపోహ పోవడం వేరు, చెయ్యి చాపడం వేరు అని గుర్తుంచుకో.

మిల్లర్ పద్ధతి ఇప్పుడు టీకాల దగ్గరికీ వచ్చింది. కెనడాలోని క్యూబెక్‌లో ఆర్నో గన్యూర్ అనే పిల్లల డాక్టరు బృందం ప్రసవ వార్డుల్లోనే, బిడ్డ పుట్టిన ఒకటి రెండు రోజుల్లో, తల్లి పక్కన కూర్చుని ఈ పద్ధతిలో మాట్లాడించింది. మీకేం తెలుసు, మీకేం భయం, నాకు తెలిసింది చెప్పమంటారా అని అడగడం, ఒప్పుకుంటేనే చెప్పడం. టీకా వేయించాలనుకునే తల్లులు పెరిగారు. తాగుడు వైద్యంలో పుట్టిన పద్ధతి టీకా పనికి వచ్చిందంటే, నీ ప్రపోజల్లో నువ్వు కలపాలనుకుంటున్న రెండు విషయాలూ కిందినుంచి ఎప్పుడో కలిసే ఉన్నాయన్నమాట. నీ మొదటి అధ్యాయం ఇక్కడ మొదలుపెడితే బాగుంటుందని నా ఆలోచన.

నీ కాగితంలో ‘టీకా సంకోచం’ అని రాశావు. పరిభాషగా తప్పు లేదు. కానీ ఆ మాట ఎవరి ముందూ అనకు. మన వాళ్లు ‘భయమైతది’ అంటారు, ‘మాకెందుకు’ అంటారు, ఎక్కువమంది ‘చూద్దాంలే’ అంటారు. ఒక్క ‘చూద్దాంలే’లోనే మూడు నాలుగు వేర్వేరు సంగతులు దాక్కుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2014లో వెనకాడటానికి మూడు కారణాలు చెప్పింది: నమ్మకం లేకపోవడం, మనకేం కాదులే అనే ధీమా, వీలు కుదరకపోవడం. మనం పరిశోధకులం మొదటిదాని మీదే పడతాం, ఎందుకంటే అది మనసుకు సంబంధించింది, మన చదువుకు దగ్గర. మూడోదాన్ని వదిలేస్తాం.

ఉదయ్‌పూర్ సంగతి చూడు. రాజస్థాన్‌లో ఆ జిల్లాలోని 134 గ్రామాల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్లు సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మామూలుగా వదిలేసిన ఊళ్లలో పిల్లలకు అన్ని టీకాలూ పడింది 6 శాతం మందికి. నెలనెలా తప్పకుండా, చెప్పిన రోజున క్యాంపు పెట్టిన ఊళ్లలో 18 శాతం. క్యాంపుతో పాటు టీకా వేయించిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక భోజనం పళ్లేల సెట్టు ఇచ్చిన ఊళ్లలో 39 శాతం. ఎవరి సిద్ధాంతమూ మార్చలేదు, ఎవరితోనూ వాదించలేదు. వ్యసన చికిత్సలోనూ మత్తు తీసుకోలేదని పరీక్షలో తేలిన ప్రతిసారీ వెంటనే చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి ఉంది, పనిచేస్తుంది కూడా. ‘లంచం ఇచ్చి మంచి చేయించడమా’ అని మా వార్డులో పెద్దవాళ్లు ముఖం చిట్లించేవాళ్లు. నాకు అందులో తప్పు కనబడలేదు. పొద్దున్నే కూలికి పోవాల్సిన తల్లికి ఆ కిలో పప్పు సగం రోజు కూలి పోయిన బాధనైనా తగ్గిస్తుంది.

కాబట్టి సౌమ్యా, ‘మీకు టీకా మీద నమ్మకం ఉందా’ అని అడిగే ముందు ‘కిందటిసారి సూది ఎక్కడ వేయించుకున్నారు, ఆ రోజు ఏం జరిగింది’ అని అడుగు. ఆ రోజు కథ మొత్తం చెప్పనివ్వు. ఎన్ని గంటలు లైన్లో నిలబడ్డారు, ఎవరు ఏమన్నారు, నోట్లో వాసన వస్తోందని ఎవరు వెనక్కి పంపారు, అన్నీ వస్తాయి. ఆ చివరిది నేను చాలాసార్లు విన్నాను. నలుగురిలో ‘తాగొచ్చినవా’ అని గద్దించిన చోటికి మనిషి మళ్లీ రాడు. టీకాకూ రాడు, మాన్పించుకోవడానికీ రాడు. రాని ఆ మనిషిని మనం తర్వాత టీకా వ్యతిరేకి అని రాసుకుంటాం.

2021లో కోవిడ్ టీకా మొదలైనప్పుడు నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. మన ఊళ్లో ఆశా వర్కర్ ఇల్లిల్లూ తిరిగినా మగవాళ్లు కొందరు తప్పించుకుని పోయేవాళ్లు. ప్రాణభయం అనుకుందామె. ఒకాయన నాతో మెల్లగా అన్నాడు: ‘సూది ఏసుకుంటే నెలా పదిహేను రోజులు కల్లు బంద్ చెయ్యాలంట గదా అమ్మా.’ ఆ మాట గాలిలోంచి పుట్టలేదు. రష్యా టీకా వచ్చిన కొత్తలో అక్కడి ఆరోగ్య అధికారి ఒకరు 42 రోజులు మద్యం ముట్టవద్దన్నారు. ఆ టీకా తయారుచేసినవాళ్లే అంత అవసరం లేదన్నారు, కానీ మొదటి మాటే ఊళ్లదాకా చేరింది. మద్యం వల్ల టీకా పనితనం తగ్గుతుందనడానికి ఆధారం లేదని మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా చెప్పింది. ఆ మనిషి భయం టీకా గురించి కానే కాదు చూడు. రెండు రోజులు కల్లు లేకపోతే తన ఒంటికి ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆ భయానికి కారణం ఉంది, దాన్ని మూఢనమ్మకం అని రాస్తే మనదే తప్పు.

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్తాను. రోజూ బాగా తాగే మనిషికి ‘ఈ రోజే మానెయ్’ అని నువ్వు ఎప్పుడూ చెప్పకు, మంచి మాటగా కూడా. చివరిసారి తాగిన కొన్ని గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనబడి, ఒళ్లు కాలిపోయే స్థితి రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. మన కల్లుతో ఇంకో చిక్కు ఉంది. చెట్టు కల్లు వేరు, దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లు వేరు. అందులో ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమత్తు మందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రుల్లో ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో జనం నిండిపోయారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూసేసిన రోజుల్లో ఎర్రగడ్డ ఆస్పత్రి ముందు అదే దృశ్యం. అందుకే ఇంటర్వ్యూలో ఎవరైనా ‘నిన్నటి నుంచి మానేసిన’ అని గర్వంగా చెప్తే మెచ్చుకో, రికార్డర్ ఆపు, డాక్టరును పిలువు. వార్డు బయట ఊళ్లో ఉన్నప్పుడు అయితే దగ్గరి ఆస్పత్రికి పంపు. మాట్లాడే మనిషి కావాలంటే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ఈ రెండు నంబర్లూ కాగితం మీద రాసి దగ్గర పెట్టుకో.

ప్రశ్నపత్రం తెలుగు చేసేటప్పుడు ‘మందు’ అనే మాట దగ్గర జాగ్రత్త. మనకు డాక్టరు ఇచ్చేదీ మందే, సీసాలోదీ మందే, పత్తి చేనుకు కొట్టేదీ మందే. ‘రోజూ మందు వేసుకుంటున్నారా’ అని బీపీ మాత్ర గురించి అడిగితే ఒకాయన మొహం ఎర్రబడి లేచి వెళ్లిపోయాడు. మాత్ర అను, సూది అను, కల్లు అను, సారా అను, బ్రాందీ అను.

ఆడిట్ అని, తాగుడు ఎంత ముదిరిందో చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ పది ప్రశ్నల పరీక్ష వాడతావు కదా. అందులో ‘ఒకేసారి ఆరు డ్రింకులు లేదా అంతకంటే ఎక్కువ’ అనే ప్రశ్న ఉంది. అక్కడ డ్రింక్ అంటే సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. మన దగ్గర ‘ఎంతోలేదు, ఒక్క క్వార్టరే’ అంటారు. 180 మిల్లీలీటర్ల సీసా, 42.8 శాతం విస్కీ. లెక్క వేస్తే దాదాపు 60 గ్రాములు. అంటే ఆ ‘ఒక్కటే’ ఆరు. చెప్పినవాడు అబద్ధం ఆడలేదు, మనం కొలత మార్చుకోలేదు. క్వార్టర్, ఆఫ్, బీరు సీసా బొమ్మలు పక్కన పెట్టుకుని అడుగు. కల్లుకు మాత్రం ఏ లెక్కా కుదరదు, ఎన్ని సీసాలో, ఏ దుకాణమో రాసుకో చాలు.

పేర్ల సంగతి. ‘తాగుబోతు’, ‘బానిస’ అనే మాటలు నీ నోట్లోంచే కాదు, నీ నోట్సులోంచి కూడా పోవాలి. 2010లో కెల్లీ, వెస్టర్‌హాఫ్ అనే ఇద్దరు 500 మందికి పైగా మానసిక వైద్య నిపుణులకు ఒకే కథ ఇచ్చారు. సగం మందికి రోగిని మత్తును దుర్వినియోగం చేసేవాడన్నారు, సగం మందికి మత్తు రుగ్మత ఉన్న మనిషి అన్నారు. మొదటి మాట చదివినవాళ్లే తప్పు అతనిదేనని, శిక్ష లాంటి చర్య కావాలని ఎక్కువగా అనుకున్నారు. వాళ్లు చదువుకున్నవాళ్లు, రోజూ రోగులను చూసేవాళ్లు. మన దేశంలో 2019 నాటి జాతీయ సర్వే ప్రకారం మద్యానికి గట్టిగా అలవాటు పడ్డ 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మంది ఎందుకు రాలేదో వెతికేటప్పుడు ఈ మాటల బరువు కూడా తూచి చూడు.

సంతకాల గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. 2009లో మన ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం జరిగింది. ఎక్కువమంది పేద పిల్లలు, చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారు. విచారణలో ఆ మరణాలు టీకా వల్ల జరిగినట్టు తేలలేదు. కానీ పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఉన్న అంకెలు చూడు: పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు. టీకా మంచిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా అది. అయినా అమ్మానాన్నలను అడగకుండా వేశారన్న మాట అక్కడ మిగిలిపోయింది. ఆ తల్లులను ఇప్పుడు ఎవరైనా ‘అపోహలతో వెనకాడుతున్నారు’ అంటే నాకు కోపం వస్తుంది.

నీ వార్డులోనూ అదే ప్రమాదం ఉంది. వణుకుతున్న చేత్తో పెట్టిన సంతకం అంగీకారం కాదు. చేరిన మొదటి వారం ఎవరినీ అడగకు. వణుకు తగ్గి, నిద్ర పట్టి, ఈ రోజు ఏ వారమో చెప్పగలిగాక వెళ్లు. కాగితం చదివి వినిపించి, ‘నేనేం చెప్పానో మీ మాటల్లో చెప్పండి’ అని అడుగు. కాదంటే మీ వైద్యానికి ఏ లోటూ రాదని చెప్పు, సిస్టర్ల ముందు చెప్పు. భర్త వార్డులో ఉంటే భార్య వరండాలో ఉంటుంది, ఆమెను వదిలిపెట్టకు. ఇంట్లో పిల్లలకు టీకా వేయించేది, వేయించనిదీ చాలావరకు ఆమే. అయితే భర్త చెప్పింది ఆమెకు, ఆమె చెప్పింది భర్తకు ఒక్క ముక్క కూడా చేరకూడదు.

ఇంజెక్షన్‌తో మత్తు తీసుకునేవాళ్లు నీ అధ్యయనంలో తక్కువే ఉండొచ్చు. ఉంటే హెపటైటిస్ బీ టీకా గురించి తప్పకుండా అడుగు, ఒకరి సూది ఇంకొకరు వాడితే అంటుకునే లివర్ జబ్బు అది. మామూలుగా మూడు డోసులు ఆరు నెలల్లో. ఆరు నెలల తర్వాత ఆ మనిషి ఎక్కడ ఉంటాడో ఆయనకే తెలియదు. అందుకే మొదటి రోజు, 7వ రోజు, 21వ రోజు, మళ్లీ ఏడాదికి బూస్టర్ వేసే త్వరిత పద్ధతి ఉంది. వార్డులో ఉన్న మూడు వారాల్లోనే మూడు డోసులు పడిపోతాయి. మీ సెంటర్ డాక్టరు గారిని ఇది మొదటి మీటింగులోనే అడుగు. మనసును అధ్యయనం చేస్తూ కూర్చునేలోపు చేయగలిగిన పని ఇది.

నీకు సైకాలజీ పట్టా ఉంది కాబట్టి నువ్వే అందరికంటే బాగా మాట్లాడగలవని అనుకోకు. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హానికరంగా తాగే 377 మంది మగవాళ్లతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. అక్కడ మాట్లాడినవాళ్లు మానసిక వైద్యంలో ఏ పట్టా లేని, శిక్షణ పొందిన స్థానికులు. మహా అయితే నాలుగు సిట్టింగులు. మూడు నెలలకు సమస్య స్థాయి నుంచి బయటపడ్డవాళ్లు మామూలు వైద్యం అందుకున్నవాళ్లలో 26 శాతం, వీళ్లతో మాట్లాడినవాళ్లలో 36 శాతం. మీ ఊరి ఆశా వర్కర్‌ను ముందు కలువు. ఎవరింటికి ఏ వేళకు వెళ్లాలో, ఎవరి ఇంట్లో ఏ పేరు ఎత్తకూడదో ఆమెకు తెలుసు. ఆమె సమయానికి డబ్బు లెక్క వేసి నీ బడ్జెట్‌లో పెట్టు. ఊరికే తిప్పుకోవద్దు.

నీ మొదటి మూడు ఇంటర్వ్యూలు టైపు చేసి, పేర్లు తీసేసి, దసరా సెలవులకు తీసుకురా. ఎర్ర పెన్సిల్ నేను చెక్కి ఉంచుతాను. నువ్వు ప్రశ్న అడిగిన ప్రతిచోటా ఒక గీత, ఆయన చెప్పింది విని నీ మాటల్లో తిరిగి చెప్పిన ప్రతిచోటా రెండు గీతలు గీద్దాం. ప్రశ్నల కంటే తిరిగి చెప్పినవి రెట్టింపు ఉండాలి. మొదటిసారి ఉండవు, నావీ ఉండేవి కావు. ఎక్కడ సలహా ఇచ్చావో అక్కడ సున్నా చుడదాం. ఆ సున్నాకు ముందు ఆ మనిషి ఏం చెప్పబోతున్నాడో ఇద్దరం కూర్చుని చదువుదాం.

అమ్మకు నేను రేపు ఫోన్ చేస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ